రొమ్ము క్యాన్సరు: హార్మోను చికిత్సయు, రక్తములోని గురుతులును

మా పాఠశాలలోని పై తరగతుల విద్యార్థులు శరీరశాస్త్రమునందు గ్రంథులను గూర్చియు, రక్తమును గూర్చియు చదువుచున్నారు. ఆ రెండు పాఠములును ఒకచోట కలిసి, ఒక గొప్ప వ్యాధిని ఎదుర్కొనుటలో మానవునకు ఎట్లు తోడ్పడుచున్నవో తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఆ వ్యాధి రొమ్ము క్యాన్సరు. మన పెద్దలు క్యాన్సరును రాచపుండు అని పిలిచి, దాని పేరెత్తుటకే జంకెడివారు. 2022వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 23 లక్షల మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు క్రొత్తగా కనబడెననియు, సుమారు 6 లక్షల 70 వేల మంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు లెక్క కట్టిరి. అదే యేట మన దేశమున క్రొత్తగా వ్యాధి కనబడిన వారి సంఖ్య 1 లక్షా 90 వేలకు పైబడినది. మన స్త్రీలకు కలుగు క్యాన్సరులన్నిటిలోను ఇదియే అధికము. ఇట్టి వ్యాధిని గూర్చి సిగ్గుచే మౌనము వహించుట ఎవరికిని క్షేమము కాదు. కావున పిల్లలతోపాటు తలిదండ్రులును దీనిని చదువవలెనని మా కోరిక.

ఒక్క రక్తపరీక్షతో క్యాన్సరు ఉన్నదో లేదో తేలిపోవునను మాట ఇప్పుడు పట్టణములలో తరచుగా వినబడుచున్నది. దీనిని విన్నవారు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. రక్తమును చూచి ఈ వ్యాధిని తెలిసికొనవచ్చునా? తెలిసికొనినయెడల రోగికి మేలు కలుగునా? ఈ రెండును ఒక్కటే ప్రశ్నవలె తోచును గాని, నిజమునకు వేరు వేరు. ఆ భేదమును గ్రహించుటయే ఈ పాఠము.

1. అండకోశమునకును రొమ్మునకును గల సంబంధము

హార్మోను అనగా ఒక గ్రంథియందు పుట్టి, రక్తముతో ప్రవహించి, దూరముననున్న మరియొక అవయవమును పనికి పురికొల్పు పదార్థము. ఈ పేరును 1905వ సంవత్సరమున స్టార్లింగు అను ఆంగ్లేయ పండితుడు వాడుకలోనికి తెచ్చెను. పురికొల్పుట అను అర్థముగల గ్రీకు మాటనుండి ఇది పుట్టినది. అయితే ఆ పేరు పుట్టకమునుపే హార్మోను శక్తిని చికిత్సకు వినియోగించిన వైద్యు డొకడు గలడు. ఆయన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున నుండిన జార్జి బీట్సన్ అను శస్త్రవైద్యుడు.

బీట్సన్ తన యౌవనమున గొఱ్ఱెలు పాలిచ్చునప్పుడు వాని పొదుగులందు కలుగు మార్పులను పరిశీలించి యుండెను. కొన్ని దేశములలోని రైతులు, ఆవు ఈనిన పిదప దాని అండకోశములను తీసివేసినచో అది చిరకాలము పాలిచ్చునని నమ్మి అట్లు చేయుచుండుటయు ఆయనకు తెలియును. దీనినిబట్టి రొమ్మును దూరమునుండి ఏలునది అండకోశమేయని ఆయన ఊహించెను. 1895వ సంవత్సరము జూన్ నెలలో, 33 ఏండ్ల వయసుగల యొక స్త్రీకి ఆయన అండకోశములను తీసివేసెను. ఆమెకు అంతకుముందే రొమ్ము తీసివేయబడెను. అయినను వ్యాధి మరల ప్రబలెను. వేరొక ఉపాయము లేకుండెను. శస్త్రచికిత్స జరిగిన యెనిమిది నెలలకు కంటికి కనబడుచుండిన వ్యాధి యంతయు మాయమయ్యెను. 1896లో బీట్సన్ ఈ వృత్తాంతమును లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించెను.

ఈ మేలు శాశ్వతము కాలేదు. కొన్ని సంవత్సరములలో వ్యాధి తిరిగివచ్చి ఆ స్త్రీ మరణించెను. 1900లో స్టాన్లీ బాయ్డ్ అను మరియొక శస్త్రవైద్యుడు, ఇట్టి చికిత్స పొందిన 54 మంది స్త్రీల వృత్తాంతములను సమకూర్చి చూడగా, సుమారు మూడవ వంతు వారికి మాత్రమే మేలు కలిగినట్లు తేలెను. అందరికిని అదే శస్త్రచికిత్స జరుగగా ఫలము కొందరికే కలుగుట యేల? ఈ ప్రశ్నకు ఉత్తరము దొరకుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది.

2. తాళపు కప్పయు తాళపు చెవియు

అండకోశమునుండి వచ్చు ముఖ్యమైన హార్మోనులకు ఈస్ట్రోజెనులని పేరు. వీనిలో ఒకదానిని 1929లో అమెరికాలో డాయిసీయు, జర్మనీలో బూటెనాంటును ఎవరికివారే శుద్ధరూపమున వేరుపరచిరి. తరువాత, 1950లకు పిమ్మటి సంవత్సరములలో, చికాగో విశ్వవిద్యాలయమందలి ఎల్వుడ్ జెన్సెన్ అను పండితుడు, ఈస్ట్రోజెనునకు రేడియో ధార్మికశక్తిగల హైడ్రోజనును చేర్చి, దానిని లేత వయస్సులోని ఆడ ఎలుకల కిచ్చి, అది శరీరములో ఎచ్చటికి పోవునో వెంబడించెను. హార్మోను రక్తముతో అన్ని అవయవములకును పోయెను గాని, గర్భకోశము మున్నగు కొన్ని అవయవములు మాత్రమే దానిని చాలసేపు పట్టి యుంచుకొనెను. అట్లు పట్టుకొను మాంసకృత్తు ఆ అవయవముల కణములలో ఉండుటయే దీనికి కారణము. దానిని గ్రాహకము అందురు.

హార్మోను తాళపు చెవివంటిది. గ్రాహకము తాళపు కప్పవంటిది. కప్ప లేని తలుపునకు చెవి యెంతటిదైనను ప్రయోజనము లేదు. రొమ్ము క్యాన్సరు కణములలో కొన్నిటికి ఈ గ్రాహకము కలదు, కొన్నిటికి లేదు. గ్రాహకము గలవి ఈస్ట్రోజెనువలన పెరుగును. కావున హార్మోనును తగ్గించినచో వాని పెరుగుదలయు తగ్గును. గ్రాహకము లేనివానికి ఈ చికిత్స పనిచేయదు. బాయ్డ్ లెక్కలో మేలు కొందరికే కలుగుటకు ముఖ్య కారణ మిదియే. నేడు నూరుమంది రోగులలో 70 మొదలు 80 మంది వరకు ఈ గ్రాహకము గలవారే. అందుచేత గడ్డనుండి చిన్న ముక్కను తీసి, గ్రాహకము కలదో లేదో చూచుట చికిత్సకు తొలిమెట్టయినది.

3. మాత్రలు

1962లో ఇంగ్లండు దేశమున ఐ.సి.ఐ. అను రసాయన సంస్థకు చెందిన ప్రయోగశాలలో డోరా రిచర్డ్‌సన్ అను రసాయనశాస్త్రజ్ఞురాలు ఒక క్రొత్త పదార్థమును తయారుచేసెను. గర్భనిరోధమునకు పనికివచ్చునను తలంపుతో దానిని పరీక్షించిరి. ఆ పనికి అది అక్కరకు రాలేదు. కాని అది గ్రాహకమునందు కూర్చుండి, ఈస్ట్రోజెనునకు చోటులేకుండ చేయును. వేరొక చెవి తాళములో ఇరుకుకొనినట్లన్నమాట. మాంచెస్టరు నగరమందలి క్రిస్టీ ఆసుపత్రివారు ముదిరిన రొమ్ము క్యాన్సరుగల 46 మంది స్త్రీలకు దీనినిచ్చి, 10 మందికి మేలు కలిగెనని 1971లో ప్రకటించిరి. అదియే టామాక్సిఫెన్. నేడు అది ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అవశ్యక ఔషధముల పట్టికయందు కలదు.

ఋతుస్రావము నిలిచిపోయిన స్త్రీలలో అండకోశములు విశ్రమించినను, క్రొవ్వు మున్నగు ధాతువులలో అరోమటేజు అను ఎంజైము కొంత ఈస్ట్రోజెనును తయారుచేయుచునే యుండును. ఆ ఎంజైమును అడ్డగించు మాత్రలు రెండవ జాతివి. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ అనునవి ఇట్టివే. ఋతుస్రావము నిలువని స్త్రీలలో కొందరికి అండకోశములను సూదిమందుతో నిద్రపుచ్చుటయు కలదు. బీట్సన్ కత్తితో చేసినపనిని నేడు సూది చేయుచున్నది.

ఈ మాత్రల విలువను ఊహతో చెప్పుట లేదు. ఆక్స్‌ఫర్డునందలి పండితులు 20 చికిత్సా పరిశోధనల లెక్కలను కూర్చి 2011లో ప్రకటించిరి. గ్రాహకముగల వ్యాధి తొలిదశలోనున్న స్త్రీలు టామాక్సిఫెనును సుమారు ఐదేండ్లు వాడినచో, ఆ ఐదేండ్లలో వ్యాధి మరల వచ్చుట సుమారు సగమునకు తగ్గెననియు, పదునైదేండ్ల లెక్కలో ఈ వ్యాధివలని మరణములు సుమారు మూడవ వంతు తగ్గెననియు తేలెను. అయితే ఈ మందులకు కష్టములు లేకపోలేదు. ఒడలు ఉన్నట్టుండి వేడెక్కుట, కీళ్లనొప్పులు, ఎముకలు పలుచనగుట, అరుదుగా రక్తము గడ్డకట్టుట, గర్భకోశపు లోపలిపొరకు వ్యాధి కలుగుట మొదలగునవి మందు జాతినిబట్టి కలుగవచ్చును. కావున వైద్యుని చూపు ఎల్లప్పుడు ఉండవలెను.

4. రక్తములోని గురుతులు

ఇక రక్తము మాటకు వత్తము. క్యాన్సరు కణములు కొన్ని పదార్థములను రక్తములోనికి విడుచును. వానిని కొలిచి వ్యాధి స్థితిని కనిపెట్టవచ్చును గనుక వానిని గురుతులందురు. 1941లో చికాగో నగరమున చార్లెస్ హగిన్సు, క్లారెన్సు హాడ్జెసు అను వైద్యులు పురుషులకు కలుగు ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరునకు హార్మోను చికిత్స చేసి, ఆమ్ల ఫాస్ఫటేజు అను ఎంజైమును రక్తములో కొలిచిరి. చికిత్సకు లోబడినప్పుడు ఆ కొలత తగ్గెను. హార్మోను చికిత్సయు రక్తపు గురుతును చేయిచేయి కలిపి నడచుట అచ్చట స్పష్టముగా కనబడెను. హగిన్సునకు 1966లో నోబెల్ బహుమానము లభించెను.

1965లో కెనడా దేశమున మాంట్రియల్ నగరమందు గోల్డు, ఫ్రీడ్‌మను అను పండితులు పెద్దప్రేగు క్యాన్సరునందు సి.ఇ.ఏ. అను గురుతును కనుగొనిరి. 1980లకు పిమ్మట రొమ్ము క్యాన్సరునకు సి.ఏ. 15-3 అను గురుతు వాడుకలోనికి వచ్చెను. ఇది కణముల పైభాగమునుండి ఊడి రక్తములో కలియు ఒక మాంసకృత్తు. వ్యాధి ఇతర అవయవములకు వ్యాపించిన వారిలో, చికిత్స పనిచేయుచున్నదో లేదో చూచుటకు, ఇతర పరీక్షలకు తోడుగా ఇది ఉపయోగపడును.

అయితే ఆరోగ్యముగా నున్నవారిలో వ్యాధిని వెదకుటకు ఇది పనికిరాదు. దీనికి రెండు కారణములు. గడ్డ చిన్నదిగా నున్నప్పుడు గురుతు పెరుగకపోవచ్చును. కాలేయవ్యాధి మొదలగు ఇతర కారణములవలన క్యాన్సరు లేకున్నను పెరుగవచ్చును. విద్యార్థులు ఈ లెక్కను వేసి చూడవలెను. ఇందలి అంకెలు లెక్కకొరకై మేము ఊహించినవి. వేయిమంది స్త్రీలలో 5 మందికి వ్యాధి కలదనుకొందము. పరీక్ష ఆ యైదుగురిలో ఇద్దరినే పట్టుననియు, వ్యాధిలేని నూటికి ఐదుగురిని రోగులని తప్పుగా చూపుననియు అనుకొందము. అప్పుడు వ్యాధిలేని 995 మందిలో సుమారు 50 మంది నిష్కారణముగా భయపడుదురు. నిజమైన రోగులు ముగ్గురు తమకేమియు లేదని ధైర్యముగా ఇంటికి పోవుదురు. భయపడిన 52 మందిలో రోగులు ఇద్దరే! మా దృష్టిలో ఆ ముగ్గురి ధైర్యమే ఈ యేబదిమంది భయముకంటె అపాయకరము.

5. ముందుగా తెలియుట వేరు, మేలు కలుగుట వేరు

గురుతు నిజమే చెప్పినదనుకొందము. అంతమాత్రమున రోగి బాగుపడునా? దీనికి ఒక చక్కని దృష్టాంతము గలదు. క్యాన్సరు కణములు కొన్ని గడ్డనుండి విడివడి రక్తములో తిరుగును. 2004లో అమెరికా పండితులు వ్యాపించిన రొమ్ము క్యాన్సరుగల 177 మంది స్త్రీల రక్తమును పరీక్షించిరి. 7.5 మిల్లీలీటర్ల రక్తములో అట్టి కణములు 5గాని అంతకుమించిగాని యున్నవారు తక్కువకాలము జీవించిరని కనుగొనిరి. గురుతు సత్యమే పలికెను.

అప్పుడు సహజముగా ఒక తలంపు పుట్టెను: మొదటి మందు ఇచ్చిన పిమ్మటకూడ కణములు తగ్గనిచో, వెంటనే మందు మార్చిన మేలుగదా? ఈ తలంపును నమ్మి ఊరకుండక, పరీక్షించి చూచిరి. కణములు తగ్గని 123 మందిని చీట్లువేసినట్లు రెండు భాగములుగా విభజించి, ఒక భాగమునకు కణసంహారక ఔషధమును వెంటనే మార్చిరి. రెండవ భాగమునకు పాత మందునే కొనసాగించిరి. 2014లో ఫలితము ప్రకటింపబడెను. ఆయుర్దాయమున మార్పు కలుగలేదు. మార్చి యిచ్చిన మందు మొదటిదానికంటె ఆ వ్యాధికి తగినది కాకపోయినచో, త్వరగా మార్చుటవలన ఫలమేమి? వరద వచ్చుచున్నదని చాటించువాడు ఉన్నంతమాత్రమున చాలదు, ఎక్కుటకు మెరకయు ఉండవలెను.

6. మారిన తాళము

ఇటీవల హార్మోను చికిత్సయందు అట్టి మెరక కొంత దొరికినట్లు కనబడుచున్నది. అరోమటేజును అడ్డగించు మాత్రలను చాలకాలము వాడిన కొందరిలో వ్యాధి మరల విజృంభించును. గ్రాహకమును నిర్మించు జన్యువునందే మార్పు కలిగి, తాళపు చెవి లేకయే తాళము తెరచియుండునట్లగుట ఇందుకు ఒక కారణమని 2013లో ప్రకటింపబడిన పరిశోధనలు బలముగా చూపెను. చెవిని దాచినను తలుపు తెరచియే యుండును గదా!

ఈ మార్పును రక్తములోనే కనిపెట్టవచ్చును. రక్తరసమునందు డి.ఎన్.ఏ. తునుకలు తేలుచుండునని 1948లోనే ఫ్రాన్సు దేశమున మాండెల్, మెటాయి అను పండితులు తెలిపియుండిరి. నేడు క్యాన్సరు కణములనుండి వచ్చిన తునుకలను వేరుగా గుర్తించి, అందలి జన్యువు మారినదో లేదో చూడగలుగుచున్నారు. ఇది వట్టి కొలత కాదు; వ్యాధి యే మార్గమున తప్పించుకొనుచున్నదో తెలుపు వార్త.

ఫ్రాన్సు దేశపు వైద్యులు 1,017 మంది రోగులను ఇట్లు రక్తపరీక్షతో కనిపెట్టుచుండిరి. వ్యాధి ఇంకను పెరుగకమునుపే మారిన జన్యువు రక్తములో ఎక్కువగుట కనబడిన 172 మందిని రెండు భాగములు చేసిరి. పాత మాత్రలనే కొనసాగించినవారిలో వ్యాధి పెరుగుటకు పట్టిన మధ్యమకాలము 5.7 నెలలు. గ్రాహకమునే నశింపజేయు ఫుల్వెస్ట్రాంటు అను సూదిమందునకు మార్చినవారిలో అది 11.9 నెలలు. ఈ ఫలితము 2022లో ప్రకటింపబడెను. 2025లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, ఇట్టి 315 మందిలో కామిజెస్ట్రాంటు అను క్రొత్త మాత్రకు మార్చినవారికి 16 నెలలును, మార్చనివారికి 9.2 నెలలును పట్టెను.

ఇచ్చటను జాగ్రత్తగా చదువవలెను. ఈ నెలలు వ్యాధి అణగియున్న కాలమేగాని ఆయుర్దాయము కాదు. ఆ 2025 నాటి వ్యాసము వెలువడునప్పటికి ఆయుర్దాయపు లెక్క తేలియుండలేదు. వ్యాపించిన వ్యాధికి ఇది సంపూర్ణ నివారణయు కాదు. అయినను 2014 నాటి పరిశోధనకును దీనికిని గల భేదమును విద్యార్థులు గమనింతురుగాక. అచ్చట గురుతు అపాయమును చెప్పెను గాని దారి చెప్పలేదు. ఇచ్చట గురుతు అపాయముతోపాటు దాని కారణమును చెప్పినది; ఆ కారణమునకు తగిన మందును ఉన్నది.

7. ఇంటివారు తెలిసికొనవలసినది

మొదటిది. రొమ్మునందుగాని చంకయందుగాని గడ్డ తగిలినను, చర్మము సొట్టపడినను, చనుమొన లోనికి పోయినను, దానినుండి రక్తము కారినను, రక్తపరీక్షతో తృప్తిపడక వైద్యునికి చూపవలెను. నొప్పి లేదుగదాయని ఊరకుండరాదు. ఈ గడ్డ చాలమందిలో నొప్పి లేకయే పెరుగును. నూరుమంది రోగులలో సుమారు ఒక్కడు పురుషుడు గనుక పురుషులును దీనిని మరువరాదు. బొంబాయి నగరమందు 1998 మొదలుకొని 1,51,538 మంది స్త్రీలతో టాటా స్మారక ఆసుపత్రివారు ఒక గొప్ప పరిశోధన జరిపిరి. అందు శిక్షణపొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకమారు చేతితో తడవి పరీక్షించిరి. ఏబదియేండ్లును అంతకు మించినయు వయసుగల స్త్రీలలో ఈ వ్యాధివలని మరణములు నూటికి సుమారు 30 వంతులు తగ్గెనని 2021లో తేలెను. అంతకంటె చిన్నవారిలో అట్టి తగ్గుదల కనబడలేదు. విలువైన యంత్రములు లేనిచోటను నేర్పుగల చేయి ప్రాణములను కాపాడగలదని దీనివలన తెలియుచున్నది.

రెండవది. చికిత్స పొంది మాత్రలు వాడుచున్న స్త్రీ, ఒంట్లో బాగుగనే యున్నదనియో, రక్తములో గురుతు పెరుగలేదనియో, ఇంటిలో ఖర్చు అనియో మాత్రలను తనంతట తాను మానరాదు. గురుతు పెరుగనంతమాత్రమున కణములు లేవని అర్థము కాదు. గ్రాహకముగల వ్యాధి ఐదేండ్ల చికిత్స ముగిసిన పిమ్మటకూడ, ఇరువదియేండ్లవరకును అప్పుడప్పుడు తిరిగివచ్చుచున్నట్లు 2017లో ప్రకటింపబడిన లెక్కలు చూపుచున్నవి. మాత్రవలన కష్టము కలిగినచో వైద్యునితో చెప్పిన మందు మార్చుటకు వీలున్నది. చెప్పక మానుటవలననే నష్టము.

మూడవది పిల్లలకు. మన యిండ్లలో తల్లి అందరికిని వడ్డించి, మిగిలినది తాను భుజించును. ఒంట్లో బాగులేకున్న పండుగ వెళ్లనిమ్మనియు, పరీక్షలు కానిమ్మనియు వాయిదా వేయును. గడ్డను గూర్చి భర్తతో చెప్పుటకైనను సిగ్గుపడు తల్లులు కలరు. చదువుకొన్న బిడ్డలు ఈ పాఠమును ఆమెకు చదివి వినిపింపవలెను. వైద్యునియొద్దకు వెంట పోవలెను. మాత్ర వేసికొనెనా యని రాత్రి ఒకమారు అడుగవలెను. ఇందుకు గొప్ప శాస్త్రజ్ఞానము అక్కరలేదు.

ప్రశ్నలు

1. బీట్సన్ చికిత్స మూడవ వంతు వారికే ఫలించుటకు కారణమేమి?

2. నాలుగవ భాగములోని లెక్కయందు, వేయిమందిలో 500 మందికి వ్యాధి కలదనుకొని మరల లెక్క వేయుము. భయపడినవారిలో నిజమైన రోగు లెందరు? ఆరోగ్యవంతులలో పనికిరాని గురుతు రోగులలో ఏల పనికివచ్చునో దీనివలన తెలుపుము.

3. 2014లోను 2022లోను ప్రకటింపబడిన పరిశోధనలకు గల భేదమును నీ సొంత మాటలలో వ్రాయుము.

4. వ్యాధి అణగియున్న కాలమునకును ఆయుర్దాయమునకును గల భేదమేమి?